పిన్ను పట్టినంత మాత్రాన అడాప్టర్ సరిపోయినట్టు కాదు



ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మనకు. అయితే పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదివితే ఇంకా బాగుంటుంది. ఎందుకంటే ఇందులో ఉన్నదంతా పదో తరగతి ఫిజిక్స్‌లో వాళ్లు చదివే విద్యుత్తు పాఠమే. కాకపోతే ఈసారి ల్యాబ్ బడిలో లేదు, మన హాల్లో టీవీ వెనకాల ఉంది.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. నేను ఫిజిక్స్ చెప్పే మాస్టారిని. కిందటి ఏడాది మా ఇంట్లో వైఫై బాక్స్ అడాప్టర్ పాడైపోయింది. సొరుగులో వెతికితే అచ్చం అలాంటిదే ఇంకొకటి దొరికింది. పిన్ను సరిగ్గా పట్టింది. దాని మీద కూడా 12 వోల్టులు అనే ఉంది. పెట్టగానే లైట్లన్నీ వెలిగాయి. పనైపోయిందనుకున్నాను.

ఆ రోజు నుంచి సాయంత్రం ఏడు దాటితే చాలు, నెట్ పోవడం మొదలైంది. రెండు నిమిషాలకు వచ్చేది, కాసేపటికి మళ్లీ పోయేది. “నాన్నా, టెస్ట్ మధ్యలో నెట్ పోయింది” అని మా అమ్మాయి చెబితే నేను నమ్మలేదు. పగలు నేను చూసినప్పుడు బాగానే ఉండేది మరి. “చదవకపోవడానికి ఇవన్నీ సాకులు” అన్నాను. తను మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. కేబుల్ అబ్బాయిని రెండుసార్లు పిలిపించాను. అతను వచ్చి చూసి, “సార్, లైన్‌లో ఏ తేడా లేదు, సిగ్నల్ బాగానే వస్తోంది” అన్నాడు. అతని మీద కూడా విసుక్కున్నాను.

మూడో వారంలో ఒకరోజు టీవీ వెనక దుమ్ము దులుపుతూ అడాప్టర్ మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది. అప్పుడు తీసి లేబుల్ చదివాను. పాడైపోయిన పాతదాని మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. నేను పెట్టినదాని మీద 12 వోల్టులు, 0.5 ఆంపియర్ అని ఉంది. కావలసిన దాంట్లో మూడో వంతు. ఏళ్ల తరబడి పిల్లలకు ఓమ్ నియమం చెబుతున్నవాణ్ణి, ఇంట్లో ఆ రెండు అంకెలు చదవలేదు.

ఆ రాత్రి మా అమ్మాయికి సారీ చెప్పాను. మర్నాడు కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి అతనికీ చెప్పాను. ఈ పాఠం రాయడానికి కారణం అదే. తప్పు అడాప్టర్ వల్ల పోయేది వెయ్యో రెండు వేలో పెట్టి కొన్న బాక్స్ ఒక్కటే కాదు. నిజం చెబుతున్న పిల్లల్ని మనం అబద్ధాలకోరుల్ని చేస్తాం. అంతకన్నా పెద్ద సంగతి, అంతలా కాలే వస్తువును పిల్లలు తిరిగే గదిలో రాత్రంతా వదిలేసి నిద్రపోతాం.

ఆ చిన్న నల్ల డబ్బా ఎందుకంత ముఖ్యం?

పాత ల్యాండ్‌లైన్ ఫోన్ గుర్తుందా? కరెంటు పోయినా మోగేది. ఎందుకంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఉండే 48 వోల్టుల బ్యాటరీల నుంచి రాగి తీగ వెంట ఫోన్‌కు కావలసిన కరెంటు కూడా వచ్చేది. ఇంట్లో విడిగా అడాప్టర్ అక్కర్లేదు.

ఇప్పుడు మన ఇళ్లకు వచ్చేది ఫైబర్, అంటే గాజు తీగ. అందులో వచ్చేది వెలుతురు మాత్రమే, కరెంటు రాదు. ఆ వెలుతురును నెట్‌గా, ఫోన్‌గా, టీవీగా మార్చే పని ఇంట్లో ఉన్న బాక్స్‌ది. దానికి కావలసిన కరెంటు మన స్విచ్ బోర్డు నుంచే రావాలి. మన రాష్ట్రంలో ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగి, ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే తీగ మీద ఇచ్చారు. ఇప్పుడు జగ్గయ్యపేట, నందిగామ పట్టణాల్లోనే కాదు, చుట్టుపక్కల పల్లెల్లో కూడా ఏదో ఒక కంపెనీ ఫైబర్ బాక్స్ ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అడాప్టర్ పోతే ఆ బాక్స్ మీద నడిచేవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి.

అందుకే అది పాడైన రోజు మనకు తొందర ఎక్కువ. “విజయవాడ వెళ్లినప్పుడు మంచిది కొందాంలే, ఈలోపు ఇది పెడదాం” అనుకుని, సొరుగులో చేతికి దొరికింది పెట్టేస్తాం. పొరపాటు జరిగేది అక్కడే.

ట్యాంకు, పైపు, కుళాయి

మేడ మీద నీళ్ల ట్యాంకు ఉందనుకోండి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కింద కుళాయి దగ్గర నీటి తోపుడు అంత ఎక్కువ. కరెంటులో ఆ తోపుడే వోల్టేజి. దాన్ని వోల్టులలో కొలుస్తాం.

ట్యాంకు నుంచి వచ్చే పైపు ఎంత లావుంటే అన్ని నీళ్లు ఇవ్వగలదు. కుళాయి కొంచెం తిప్పితే కొన్నే వస్తాయి, పూర్తిగా తిప్పితే ఎక్కువ వస్తాయి. పైపు లావుగా ఉన్నంత మాత్రాన నీళ్లు కుళాయిలోకి బలవంతంగా దూకవు. ఎన్ని కావాలో తేల్చేది కుళాయి. అలా పారే కరెంటును ఆంపియర్లలో కొలుస్తాం.

అడాప్టర్ అంటే ట్యాంకు, పైపు. వైఫై బాక్స్ అంటే కుళాయి. పాఠం మొత్తానికి గుర్తుంచుకోవలసింది ఈ రెండు మాటలే:

వోల్టులు అడాప్టర్ తోస్తుంది. ఆంపియర్లు బాక్స్ తనకు కావలసినన్ని తీసుకుంటుంది.

కాబట్టి వోల్టులు సరిగ్గా సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి. తక్కువ మాత్రం ఉండకూడదు.

చాలామంది దీన్ని తిరగేసి భయపడతారు. “బాక్స్‌కు 1 ఆంపియర్ చాలు, 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే కాలిపోతుందేమో” అంటారు. కాలిపోదు. లావు పైపు ఉంటే కుళాయి పగలదు కదా. అదే మనిషి 9 వోల్టుల బాక్స్‌కు 12 వోల్టుల అడాప్టర్ పెట్టి, “మూడు వోల్టులే కదా తేడా” అంటాడు. భయపడాల్సింది అక్కడ.

లేబుల్ చదవడం నేర్చుకుందాం

అడాప్టర్ తీసే ముందు బోర్డు మీద స్విచ్ ఆపండి. చేతులు పొడిగా ఉండాలి. లేబుల్ మీద అక్షరాలు చాలా చిన్నవి, అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి.

మొదట ఇన్‌పుట్ అనే వరుస ఉంటుంది. అక్కడ సాధారణంగా 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. ఇది గోడ సాకెట్ నుంచి తీసుకునే కరెంటు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి ఇది సరిపోతుంది. ఈ వరుసను చూసి అడాప్టర్ ఎంచుకోవద్దు. చాలా అడాప్టర్ల మీద ఈ వరుస ఒకేలా ఉంటుంది.

మనకు కావలసింది దాని కింద ఉండే అవుట్‌పుట్ వరుస. అందులో రెండు అంకెలుంటాయి. ‘వి’ అక్షరం పక్కనున్నది వోల్టులు. ‘ఏ’ అక్షరం పక్కనున్నది ఆంపియర్లు. కొన్నిటి మీద ‘ఏ’ బదులు ‘ఎంఏ’ అని ఉంటుంది. అది మిల్లీ ఆంపియర్. వెయ్యి మిల్లీ ఆంపియర్లు ఒక ఆంపియర్. 600 ఎంఏ అంటే 0.6 ఆంపియర్ మాత్రమే. అంకె పెద్దదిగా కనిపించిందని మోసపోవద్దు.

ఈ రెండు అంకెల మధ్యలో ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఒక అడ్డగీత, దాని కింద మూడు చుక్కల్లాంటి చిన్న గీతలుంటే అది డీసీ. అల లాంటి వంకర గీత ఉంటే అది ఏసీ. వైఫై బాక్స్‌లు, సెట్‌టాప్ బాక్స్‌లు దాదాపు అన్నీ డీసీవే. కానీ పాత మోడెమ్‌లు కొన్నిటికి ఏసీ ఇచ్చే అడాప్టర్లు వచ్చేవి. అలాంటిది సొరుగులో ఉంటే, వోల్టులు కలిసినా సరే, డీసీ బాక్స్‌కు పెట్టకూడదు.

పిల్లలకు ఒక సరదా సంగతి చెప్పండి. అంగుళం వెడల్పు లేని ఆ లేబుల్ మీద ముగ్గురు శాస్త్రవేత్తల పేర్లున్నాయి. వోల్టు పేరు 1800లో తొలి బ్యాటరీని ప్రకటించిన ఇటలీ శాస్త్రవేత్త వోల్టాది. ఆంపియర్ ఫ్రాన్స్ దేశస్థుడు. హెర్ట్జ్ జర్మనీవాడు. వాట్లు కూడా రాసి ఉంటే, స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ వాట్‌తో కలిపి నలుగురు.

ఇప్పుడు బాక్స్‌ను తిప్పి చూడండి. అడుగున గానీ, పిన్ను పెట్టే రంధ్రం పక్కన గానీ దానికి కావలసిన వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. అడాప్టర్ లేబుల్‌ను పోల్చాల్సింది దీనితోనే. పక్కింట్లో అదే కంపెనీ బాక్స్‌కు ఏది ఉందో దానితో కాదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా పాత వెర్షన్‌కు ఒక వోల్టేజి, కొత్త వెర్షన్‌కు ఇంకొకటి ఉన్న సందర్భాలున్నాయి.

పెట్టే ముందు ఐదు ప్రశ్నలు

1. వోల్టులు సమానమేనా? బాక్స్‌కు 12 ఉంటే అడాప్టర్‌కు 12. బాక్స్‌కు 9 ఉంటే 9. బాక్స్‌కు 5 ఉంటే 5. ఇందులో బేరం లేదు.

2. ఆంపియర్లు సమానమా, ఎక్కువా? ఈ రెంటిలో ఏదైనా ఫరవాలేదు. తక్కువైతే వద్దు.

3. డీసీయేనా? అడ్డగీత గుర్తు రెండింటి మీదా ఉందో లేదో చూడండి.

4. ప్లస్, మైనస్ కలిశాయా? లేబుల్ మీద నడుమ ఒక చుక్క, దాని చుట్టూ అరచందమామలా ఒక గీత, ఇటూ అటూ ప్లస్, మైనస్ గుర్తులుండే చిన్న బొమ్మ కనిపిస్తుంది. నడుమ చుక్కకు కలిసిన గుర్తు పిన్ను లోపలి భాగానిది. చంద్రవంకకు కలిసింది బయటి భాగానిది. ఎక్కువ బాక్స్‌లకు లోపల ప్లస్, బయట మైనస్. కానీ అన్నిటికీ అలాగే ఉంటుందని అనుకోవద్దు. అడాప్టర్ మీది బొమ్మ, బాక్స్ మీది బొమ్మ ఒకటిగా ఉండాలి. పాత పిన్ను కత్తిరించి వేరే అడాప్టర్ వైరుకు అతికించినప్పుడు తలకిందులయ్యేది ఇదే. ఆ పని ఇంట్లో చేయవద్దు.

5. పిన్ను గట్టిగా కూర్చుందా? మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే గుండ్రటి పిన్ను బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రం మాత్రం రెండు రకాలు, 2.1 మిల్లీమీటర్లు, 2.5 మిల్లీమీటర్లు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. 2.1 పిన్ను కావలసిన చోట 2.5 పిన్ను దూరుతుంది గానీ వదులుగా ఉంటుంది. వైరు కదిలితే లైట్లు ఆరిపోతాయి, లోపల చిన్న నిప్పురవ్వలు కూడా వస్తాయి. కాగితం ముక్క దోపి సర్దడం, వైరును వంచి రబ్బరు బ్యాండు వేయడం పరిష్కారాలు కావు.

ఐదింటికీ సరేనన్న జవాబు వస్తేనే స్విచ్ వేయండి. మొట్టమొదట అందరూ చూసేది ఐదోది, అంటే పిన్ను. నిజానికి అది చివర చూడాల్సినది.

పిల్లలతో కలిసి లెక్క కట్టండి

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఈ సూత్రం పిల్లలకు తెలుసు. కింది జతల్లో ఏది పెట్టవచ్చో వాళ్లను అడగండి, జవాబు తర్వాత చదవండి.

మొదటి జత: వైఫై బాక్స్‌కు 12 వోల్టులు, 1 ఆంపియర్. చేతిలో ఉన్నది సీసీ కెమెరాకు వచ్చిన 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్. జవాబు: పెట్టవచ్చు. ప్లస్, మైనస్ చూసుకోండి. అడాప్టర్ 24 వాట్ల దాకా ఇవ్వగలదు, బాక్స్ 12 వాట్లలోపే తీసుకుంటుంది. తేలిగ్గా నడుస్తుంది కాబట్టి వేడి కూడా తక్కువ.

రెండో జత: రౌటర్‌కు 9 వోల్టులు, 600 ఎంఏ. చేతిలో ఉన్నది సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చిన 12 వోల్టులు, 1 ఆంపియర్. జవాబు: వద్దు. వోల్టులు ఎక్కువ. కొన్ని రౌటర్లు లోపలి రక్షణ వల్ల కొన్నాళ్లు నడవవచ్చు. నడిచింది కదా అని అది సరైనదైపోదు. లోపలి భాగాలు ఎక్కువ వేడెక్కి ముందే పోతాయి.

మూడో జత: రౌటర్‌కు 5 వోల్టులు. చేతిలో 12 వోల్టులది. జవాబు: అస్సలు వద్దు. ఒక మామూలు రెసిస్టర్‌కు వోల్టేజి పెంచితే వేడి దాని వర్గంగా పెరుగుతుంది. 12ను 5తో భాగిస్తే 2.4. దాన్ని దానితోనే గుణిస్తే 5.76. అంటే దాదాపు ఆరు రెట్ల వేడి. రౌటర్ ఉట్టి రెసిస్టర్ కాదు గానీ, స్విచ్ వేసిన క్షణంలో లైట్లు వెలిగి, కాలిన వాసన వచ్చి, ఆపైన ఎందుకు వెలగదో ఈ లెక్క చెబుతుంది.

నాలుగో జత: బాక్స్‌కు 12 వోల్టులు, 1 ఆంపియర్. చేతిలో 9 వోల్టులు, 2 ఆంపియర్లది. జవాబు: వద్దు. బాగా చదివే పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. వాట్లు చూస్తే అడాప్టర్‌వి 18, బాక్స్‌వి 12. ఎక్కువే కదా అంటారు. కానీ తోపుడు చాలదు. ముందు వోల్టులు కలవాలి, వాట్లు తర్వాత.

ఐదో జత: బాక్స్‌కు 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు. చేతిలో 12 వోల్టులు, 0.5 ఆంపియర్. ఇది మా ఇంటి కథ. కావలసింది 18 వాట్ల దాకా, ఉన్నది 6 వాట్లు. అయినా లైట్లెందుకు వెలిగాయి? పగలు ఒక్క ఫోన్ కలిసి ఉన్నప్పుడు బాక్స్ తక్కువ కరెంటుతోనే నడుస్తుంది. సాయంత్రం అందరూ ఇంటికి వచ్చి, టీవీ, రెండు మూడు ఫోన్లు, పిల్లల ట్యాబ్ అన్నీ ఒకేసారి కలిస్తే వైఫై పని పెరుగుతుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది. అడాప్టర్ ఇవ్వలేక వోల్టేజి పడిపోతుంది. బాక్స్ ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. అంటే, పిల్లలు పరీక్ష రాసే వేళకే అది మొండికేస్తుంది.

ఇంకొక లెక్క. మీ బాక్స్ సగటున 8 వాట్లు తీసుకుంటుందనుకోండి. రోజంతా, నెలంతా నడిస్తే ఎన్ని యూనిట్లు? 8 ఇంటూ 24 ఇంటూ 30, అంటే 5,760 వాట్ అవర్లు, దాదాపు 5.8 యూనిట్లు. కరెంటు బిల్లు తీసి, యూనిట్ ధర ఎంతో చూసి, పిల్లలనే రూపాయల్లోకి మార్చమనండి.

నెట్ పోతే ముందు ఎవరిని అనుమానించాలి?

బాక్స్ మీది లైట్లను చూడండి. పవర్ లైటుతో సహా అన్నీ ఒక్కసారే ఆరి మళ్లీ వెలుగుతుంటే, ముందుగా అడాప్టర్‌ను, వదులు పిన్నును, స్విచ్ బోర్డును అనుమానించండి. పవర్ లైటు నిలకడగా ఉండి, లైన్ గుర్తుండే లైటు ఎర్రగా మారితే గానీ ఆరితే గానీ కేబుల్ వాళ్లను పిలవండి. లైట్లన్నీ బాగుండి ఒక్క ఫోన్‌లోనే నెట్ రాకపోతే ఆ ఫోన్‌ను చూడండి.

లేబుల్ సరిగ్గానే ఉన్నా అడాప్టర్ బలహీనపడవచ్చు. లోపలి కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతాయి. అవే అంకెలున్న మంచి అడాప్టర్‌ను ఒక పూట పెట్టి చూస్తే తేలిపోతుంది. దాని లోపల ఏముందో విప్పి చూడాలని మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దు. 230 వోల్టుల ఏసీ లోపల 300 వోల్టులకు పైబడిన డీసీగా మారుతుంది. ప్లగ్ తీసిన తర్వాత కూడా అది కెపాసిటర్‌లో కాసేపు నిలిచి ఉండవచ్చు. ఎనిమిదో తరగతి నుంచి పిల్లలకు స్క్రూడ్రైవర్ మీద మోజు మొదలవుతుంది. ఈ ఒక్క మాట వాళ్లకు గట్టిగా చెప్పండి.

మన ఎండలు, మన ఉరుములు

మన పడమటి మెట్ట ప్రాంతం పాత కృష్ణా జిల్లాలో ఉన్నా, 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చినా, ఎండలు మాత్రం మారలేదు. మే నెలలో 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. చాలా అడాప్టర్లను చుట్టూ 40 డిగ్రీల వేడి ఉండే చోటు వరకే తయారు చేస్తారు. రేకుల గదిలో, బీరువా పైన, కర్టెన్ వెనక, టీవీ స్టాండులో మూసిన అరలో పెడితే దానికి ఊపిరాడదు. గాలి తగిలేలా, గుడ్డలకు, కాగితాలకు దూరంగా ఉంచండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో నాలుగు అడాప్టర్లు ఒకదానికొకటి ఆనించి పెట్టవద్దు.

అడాప్టర్ గోరువెచ్చగా ఉండటం సహజం. చెయ్యి ఆనించి ఉంచలేనంత కాలితే సహజం కాదు. పసుపు రంగుకు తిరగడం, ఉబ్బడం, కాలిన వాసన, గుయ్యిమనే మోత, ఇందులో ఏది కనిపించినా ఆ రోజే తీసేయండి.

ఉరుములు మొదలవకముందే ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు. పిడుగు దెబ్బ గాజు తీగలోంచి రాకపోయినా కరెంటు తీగలోంచి వస్తుంది. మేడ మీది ఇంటికి రాగి లాన్ కేబుల్ లాగి ఉంటే దాన్ని కూడా తీయండి. మెరుపులు దగ్గరగా వస్తున్నప్పుడు మాత్రం తీగలు ముట్టుకోవద్దు.

కొనేటప్పుడు, ఇన్వర్టర్ పెట్టుకునేటప్పుడు

ముందు మీ కనెక్షన్ ఇచ్చినవాళ్లను అడగండి. బాక్స్ వాళ్లదే అయితే అడాప్టర్ కూడా వాళ్లే మార్చవచ్చు. బయట కొనాల్సి వస్తే, బాక్స్ లేబుల్, పాత అడాప్టర్ లేబుల్ రెండింటి ఫొటో తీసుకెళ్లండి. వీలైతే పిన్ను కొలత కోసం పాతదాన్ని కూడా పట్టుకెళ్లండి. “వైఫై అడాప్టర్ ఇవ్వండి” అనకండి. “12 వోల్టులు, 1.5 ఆంపియర్లు, డీసీ” అని అంకెలు చెప్పి అడగండి.

మన దేశంలో ఇలాంటి అడాప్టర్లకు భారత ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్ నమోదు తప్పనిసరి. లేబుల్ మీద ఆ సంస్థ గుర్తు, ఐఎస్ అనే అక్షరాలతో ఒక ప్రమాణం సంఖ్య, ‘ఆర్’తో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటాయి. బీఐఎస్ కేర్ అనే ఉచిత యాప్‌లో ఆ ఆర్ సంఖ్య కొడితే ఎవరి పేరున నమోదైందో తెలుస్తుంది. గుర్తు లేనిది వంద రూపాయలు తక్కువకు వచ్చినా వద్దు. రాత్రింబవళ్లు ఇంట్లో వెలిగి ఉండే వస్తువది.

కరెంటు పోయినప్పుడు కూడా నెట్ ఉండాలని వైఫైకి చిన్న యూపీఎస్ కొంటున్నారు. వాటిలో చాలావాటికి 5, 9, 12 వోల్టుల రంధ్రాలు పక్కపక్కనే ఉంటాయి. పిన్ను ఏ రంధ్రంలోదో తప్పకుండా చూసుకోండి. ఎంతసేపు వస్తుందో పిల్లలే లెక్క కట్టగలరు. బ్యాటరీ 30 వాట్ అవర్లు, బాక్స్ 8 వాట్లు అనుకుంటే, 30ని 8తో భాగిస్తే మూడు గంటల ముప్పావు. మధ్యలో కొంత వృథా పోతుంది కాబట్టి సుమారు మూడు గంటలు అనుకోవచ్చు.

ఈ నెల ఇంటిపని

ఒక ఆదివారం ఇంట్లోని అడాప్టర్లన్నీ బల్ల మీద పెట్టండి. ఒక నోటుపుస్తకంలో పిల్లల చేత నాలుగు గడులు గీయించండి: దేనిది, ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, పిన్ను నడుమ ప్లస్సా మైనస్సా. తర్వాత తెల్లటి టేపు ముక్క మీద ‘వైఫై, 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు’ అని రాసి అడాప్టర్ వైరుకు చుట్టించండి. అదే బాక్స్ అడుగున కూడా అంటించండి. దేనిదో తెలియని అడాప్టర్లను, వైరు పగిలినవాటిని సొరుగులోకి మళ్లీ చేర్చవద్దు. అర్ధరాత్రి తొందరలో చేతికి దొరికేవి అవే.

పూర్తిచేసిన జాబితాను వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకొస్తే ఫిజిక్స్ టీచర్లం చూసి, అనుమానాలుంటే చెబుతాం.

చివరగా ఒక మనవి. ఈసారి మీ అమ్మాయో అబ్బాయో “నెట్ పోయింది” అంటే, కోప్పడకముందు ఒక్కసారి టీవీ వెనక్కి వెళ్లి, ఆ నల్ల డబ్బా మీద చెయ్యి ఆనించి చూడండి. నిజం చెబుతున్నది పిల్లలే కావచ్చు.